గేటు వేరు, పెన్షన్ వేరు: కోర్టు శిక్ష పడిన మాజీ సైనికుడికి ఏవి ఆగుతాయి?

హవల్దార్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీలాంటి వారు ఇంకా కొందరు ఉంటారు కనుక ముందు మీ సంగతిని క్లుప్తంగా చెప్పి జవాబు మొదలుపెడతాను. మీది బంగారుపాళ్యం దగ్గరి పల్లె. పదిహేడేళ్ళు సర్వీసు చేసి పెన్షన్ మీద ఇంటికి వచ్చారు. 2019లో మామిడి తోట గట్టు విషయంలో దాయాదులతో మాటా మాటా పెరిగింది. మీ చేతిలోని కొడవలి తగిలి ఒకరి ముంజేయి తెగింది. ఐ.పి.సి. 324 (ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం) కింద కేసు నడిచి, చిత్తూరు కోర్టు మీకు ఆరు నెలల జైలు, జరిమానా వేసింది. అప్పీలు వేశారు, శిక్ష ప్రస్తుతానికి ఆగింది. ఇంతలో టెక్సస్‌లో ఉన్న మీ మేనల్లుడు ఫోను చేసి, ‘అక్కడ క్రిమినల్ రికార్డు ఉన్న రిటైర్డు వాళ్ళను బేసు లోపలికి అడుగు పెట్టనివ్వరు మామా’ అన్నాడు. ఊళ్ళో ఇంకొకరు పెన్షనూ పోతుందన్నారు. భార్య మోకాలి ఆపరేషన్‌కు చెన్నై మిలిటరీ ఆసుపత్రికి వెళ్ళాలనుకున్నవారు, గేటు దగ్గర పరువు పోతుందేమోనని రెండు నెలలుగా ఇంట్లోనే కూర్చున్నారు.

నేను ఆర్టిలరీలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి 2017లో సుబేదారుగా దిగాను. చివరి నాలుగేళ్ళు ఒక మిలిటరీ స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో గేటు పాసుల పని చూశాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటూ మనవాళ్ళ పెన్షన్ కాగితాలు, అర్జీలు రాసిపెడుతుంటాను. వకీలును కాను. చట్టం గురించి ఇక్కడ చెప్పేది మీ వకీలుతో ఒకసారి సరిచూసుకోండి. గేటు గురించి చెప్పేది మాత్రం ఎండలో నిలబడి నేర్చుకున్నది.

మీరు నాలుగు భయాలను ఒకే మూటలో కట్టేశారు. గేటు, క్యాంటీన్, వైద్యం, పెన్షన్. ఇవి నాలుగూ ఒకే తాళం చెవితో తెరుచుకునేవి కావు. ఒకటి మూసుకున్నంత మాత్రాన మిగతావి మూసుకోవు. గేటు లోపలికి వెళ్ళడం మనకున్న హక్కు కాదు, అనుమతి. నెలనెలా పడే పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చే అనుమతి కాదు, మన హక్కు. మిగిలిన రెండూ ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంటాయి.

ముందు మీ మేనల్లుడి మాట. అతను అబద్ధం చెప్పలేదు, అమెరికా సంగతి చెప్పాడు. అక్కడ రిటైరైన సైనికుడు గుర్తింపు కార్డు చూపించి బేసులోని దుకాణాలకు, ఆసుపత్రికి వెళ్ళవచ్చు. కానీ బేసు కమాండరుకు ఎవరినైనా రావద్దనే అధికారం ఉంది. ఆయన రాతపూర్వకంగా నిషేధం ఇచ్చాక మళ్ళీ లోపలికి వెళితే అదే ఒక ఫెడరల్ నేరం, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఈ అధికారం ఎంత గట్టిదో 1961లో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది. వాషింగ్టన్‌లో నౌకాదళపు ఆయుధ కర్మాగారంలోని క్యాంటీన్‌లో వంట పనిచేసే ఒక మహిళ బ్యాడ్జిని భద్రతా కారణం చెప్పి లాగేసుకున్నారు. విచారణ జరపలేదు, కారణాలు విప్పి చెప్పలేదు. అయినా కమాండరు చేసింది చెల్లుతుందని కోర్టు అన్నది. దానికి తోడు అక్కడి గేట్ల దగ్గర కార్డును యంత్రంతో చదివి నేర చరిత్రతో సరిచూసే ఏర్పాటు ఉంది. అందుకే పాత కేసు ఉన్నవాడు అక్కడ గేటు దగ్గరే దొరికిపోతాడు.

మన దగ్గర మూలసూత్రం అదే, నడిచే తీరు వేరు. మన గేటు మీద సంత్రీ దగ్గర ఉండేవి ఒక రిజిస్టరు, ఆ స్టేషన్ స్థాయి ఉత్తర్వులు, రానివ్వకూడని వారి పేర్ల జాబితా ఒకటి. నేను చూసినంతలో ఆ జాబితాలో ఉండేది చిత్తూరులో గట్టు తగాదా పడినవారు కాదు. క్యాంటీన్ సరుకు బయట అమ్మినవారు, భర్తీ చేయిస్తామని కుర్రాళ్ళ దగ్గర డబ్బు గుంజిన దళారులు, దొంగ పాసులు చేయించిన కాంట్రాక్టర్లు, క్వార్టర్లలోకి వచ్చి ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించినవారు, గూఢచర్యం అనుమానం ఉన్నవారు. అంటే సైన్యానికీ, దాని ఆవరణకూ సంబంధం ఉన్న తప్పులు చేసినవారన్నమాట. మరీ పెద్ద వ్యవహారమైతే ఆ మనిషిని ‘పర్సోనా నాన్ గ్రాటా’ అని ప్రకటించి అన్ని స్టేషన్లకూ తెలియజేస్తారు. అవాంఛిత వ్యక్తి అని దాని అర్థం. రిటైరైన ఆఫీసర్లకు కూడా ఆ ముద్ర పడిన సందర్భాలున్నాయి. హోదా దాన్ని ఆపదు.

భర్తీ దళారుల గురించి ఒక మాట ఇక్కడే అనకుండా ఉండలేను. మన జిల్లాలో పొద్దున్నే నాలుగింటికి లేచి రోడ్ల మీద పరుగెత్తే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళ తల్లుల మెడలో పుస్తెలు తాకట్టు పెట్టించిన మాజీలను నేను కళ్ళారా చూశాను. వాళ్ళకు గేటు శాశ్వతంగా మూసినా నాకు బాధ లేదు. మీరు ఆ కోవలోకి రారు.

కంటోన్మెంటుల సంగతికి వస్తే 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ఒకటుంది. గొడవలు చేసే మనుషులను కంటోన్మెంటు హద్దుల నుంచి బయటికి పంపే ఏర్పాటు అందులో ఉంది. జూదంలోనో, దొంగతనం లాంటి ఆస్తి నేరాల్లోనో ఒకటికి మించిన సార్లు శిక్ష పడినవారు, మంచి నడవడికకు కోర్టు బాండు రాయించుకున్నవారు దాని కిందికి వస్తారు. అయితే ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది మేజిస్ట్రేటు, అదీ నోటీసిచ్చి సంజాయిషీ విన్నాకే. ఒకే ఒక్క కొట్లాట కేసు దానికి సరిపోదు. ఇంకో సంగతి, కంటోన్మెంటు అంతా ఒకటే కాదు. జనం ఇళ్ళు, బజార్లు ఉండే భాగం వేరు, యూనిట్ లైన్లు ఉండే మిలిటరీ భాగం వేరు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో మిలిటరీ ఆసుపత్రి ఉంది. దాని చుట్టుపక్కల రోడ్ల మీద ఎవరైనా తిరుగుతారు, ఆసుపత్రి గేటు దాటాలంటే మాత్రం కార్డు తీయాలి. మొదటిసారి వెళ్ళే మనవాళ్ళు రోడ్డు మీది చెక్‌పోస్టునే గేటు అనుకుని ఖంగారు పడుతుంటారు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. గేటు దగ్గర మిమ్మల్ని ఆపితే, అది కేసు వల్లే ఆపారని మీకెలా తెలుస్తుంది? 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి జరిగింది, అదే ఏడాది సెప్టెంబరులో ఉరీ. అప్పటి నుంచి గేట్లన్నీ బిగించారు. అంతకుముందు ముఖం చూసి సలాం కొట్టి పంపిన చోట కూడా ఆధారం అడగడం మొదలైంది. ఆ ఏడాదే నా చేతులమీదుగా ఒక తప్పు జరిగింది. డెబ్భై ఏళ్ళ నాయబ్ సుబేదారు ఒకాయన భార్యను తీసుకుని ఆసుపత్రికి వచ్చారు. నిషేధ జాబితాలో ఒక కాంట్రాక్టరు పేరు ఉంది. పేరూ అదే, తండ్రి పేరూ అదే. సంత్రీ ఆపాడు, నేను కూడా జాబితా చూసి ఆపాను. ఆయన కోపంతో, ‘నువ్వు పుట్టకముందు నేను తుపాకీ పట్టాను’ అన్నారు. నిజమే, కానీ ఆ మాట వల్ల నా పని ముందుకు కదల్లేదు. దాదాపు మూడు గంటలు పెద్దావిడ వేపచెట్టు కింద కూర్చుంది. చివరికి ఆయన సంచి అడుగు నుంచి పాత డిశ్చార్జి బుక్కు బయటికి వచ్చింది. అందులోని ఆర్మీ నంబరు, ఒంటి మీది గుర్తుల వివరం చూసి అడ్జుటెంటుకు ఫోను చేస్తే రెండు నిమిషాల్లో పంపమన్నారు. తర్వాత నేను వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు, ఆవిడ మాత్రం ‘నాయనా, జాబితాలో నంబరు కూడా రాసుకోండి’ అంది. మరుసటి రోజు నుంచి రాశాం.

అందుకని మీరు ఏ స్టేషన్‌కు వెళ్ళినా మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పి.పి.ఓ. (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకలు, ఇ.సి.హెచ్.ఎస్. (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, ఆధార్ ఒకే కవరులో పెట్టుకోండి. డిశ్చార్జి బుక్కు అసలుది దగ్గర ఉంచుకోండి, చేతికి మాత్రం నకలే ఇవ్వండి. గేటు మీద ఇప్పుడు ఇరవై ఏళ్ళ అగ్నివీరులు ఉంటారు. మన మనవడి వయసు వాళ్ళు. ‘బేటా’ అని పలకరించి కార్డు చేతికివ్వండి, సగం పని అక్కడే అయిపోతుంది. అలిపిరి దగ్గర కొండెక్కే ప్రతి ఒక్కరి సంచీ తెరిచి చూస్తారు. నలభై ఏళ్ళుగా ఏటా మొక్కు తీర్చుకునేవాడి సంచీ తెరుస్తారు, కొత్తగా పెళ్ళైన జంట సంచీ తెరుస్తారు. మన భక్తిని అనుమానించారని ఎవరైనా కొండ ఎక్కకుండా వెనక్కి వెళ్ళిపోయారా? గేటూ అంతే.

ఒకవేళ నిజంగానే కేసు కారణంగా రానివ్వబోమన్నారనుకోండి. అక్కడ వాదించకండి. ఎవరు ఆపారు, ఏ తేదీ, ఏ గేటు, ఏ ఉత్తర్వు అన్నది రాసుకుని వెనక్కి రండి. స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు ఒక పేజీ దరఖాస్తు రాయండి. కారణం రాతపూర్వకంగా తెలియజేయమని, వైద్యం కోసం మాత్రమైనా అనుమతించమని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పది రూపాయల రుసుముతో అడగవచ్చు, ముప్పై రోజుల్లో చెప్పాలి. భద్రతకు సంబంధించినదని వివరాలు ఇవ్వకపోవచ్చు. కానీ మీ పేరున ఉత్తర్వు అసలు ఉందా లేదా అన్న ప్రశ్నకు చాలాసార్లు అక్కడే తెర పడుతుంది. నా దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమందికి అలాంటి ఉత్తర్వేదీ లేదు. ఒకరోజు గేటు మీదున్న ఎవరో విసుగుతో అన్న మాటే నిషేధమై మనసులో కూర్చుంది.

క్యాంటీన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అది సదుపాయం, హక్కు కాదు. కార్డును ఆపడానికి సాధారణంగా కారణమయ్యేది దాని దుర్వినియోగమే. నా బ్యాచ్‌మేట్ ఒకడు మద్యం కోటా మొత్తం పక్కింటి పెళ్ళికి అమ్మాడు, కార్డు పోయింది. మీ కొడవలికీ క్యాంటీన్ సబ్బులకూ సంబంధం లేదు. పైగా చాలా ఊళ్ళలో మనవాళ్ళు వెళ్ళే క్యాంటీన్ బేసు లోపల ఉండదు. కాబట్టి గేటు ప్రశ్నే రాదు.

వైద్యం. ఇ.సి.హెచ్.ఎస్. 2003 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. అందులో సభ్యత్వానికి ఆధారం మాజీ సైనికుడన్న హోదా, పెన్షన్. మీవి రెండూ చెక్కుచెదరలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ ఇంటావిడకు తన పేరున వేరే కార్డు ఉంటుంది. శిక్ష పడింది మీకు. ఆమె మీద ఏ కేసూ లేదు. ఆమె మోకాలికి చెన్నై మిలిటరీ ఆసుపత్రే దిక్కు అనుకోనక్కరలేదు. పాలీక్లినిక్ డాక్టరు చూసి రెఫరల్ రాస్తే ఒప్పందంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. అప్పుడు మీరు భయపడుతున్న ఆ గేటు మీ దారిలోనే ఉండదు. రెండు నెలలు ఆమెను కుంటుతూ నడిపించారు కదా, ఆ మాట కొంచెం కటువుగానే అంటున్నాను.

ఇక పెన్షన్. ఇక్కడ నిజం ఎంతో, పుకారు ఎంతో విడదీయాలి. సైనిక పెన్షన్ నియమాల్లో ఒక షరతు ఉంది. రిటైరైన తర్వాత కూడా మంచి నడవడిక ఉండాలన్నది ప్రతి పెన్షన్‌కూ అంతర్లీనమైన షరతు. తీవ్రమైన నేరంలో దోషిగా తేలినా, ఘోరమైన దుష్ప్రవర్తన రుజువైనా సంబంధిత అధికారి రాతపూర్వక ఉత్తర్వుతో పెన్షన్‌ను కొంతో మొత్తమో, కొంతకాలమో శాశ్వతంగానో ఆపవచ్చు. ఊళ్ళో మనిషి ఎక్కడో ఇది విని ఉంటాడు. కానీ అతను వదిలేసిన మాటలు రెండున్నాయి. ఒకటి, ‘తీవ్రమైన నేరం’. దేశ రహస్యాలు అమ్మినవాడికీ, గట్టు దగ్గర తగాదా పడినవాడికీ ఒకే కొలత వాడరు. రెండు, ‘ఉత్తర్వు’. తీర్పు వెలువడగానే పెన్షన్ దానంతట అది ఆగిపోదు. ఒక అధికారి కాగితాలు చూసి, మీ సంజాయిషీ విని, కారణం రాసి సంతకం పెట్టాలి.

ఈ దేశంలో పెన్షన్ దయాదాక్షిణ్యం కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో అది ఆస్తి అన్నది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మరింత గట్టిగా చెప్పింది, ఆ తేదీనే పెన్షనర్ల దినంగా జరుపుకొంటున్నాం. 2013లో జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులోనూ చట్టబద్ధమైన ఆధారం లేకుండా పెన్షన్ లాక్కోవడం కుదరదన్నది. ఎప్పుడైనా అలాంటి ఉత్తర్వు వస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో ఏర్పడింది, మన రాష్ట్రం చెన్నై బెంచ్ కిందికి వస్తుంది. మీ దాయాదులు జరిమానా పేరుతో పెన్షన్‌నే జప్తు చేయిస్తామని బెదిరిస్తున్నారని రాశారు. 1871 నాటి పెన్షన్ల చట్టం దానికి ఒప్పుకోదు. ఆ బెదిరింపును మామిడి టెంకతో పాటు పారేయండి.

సర్వీసులో ఉండగా కోర్టు మార్షల్‌లో డిస్మిస్ అయినవారి సంగతి పూర్తిగా వేరు. పాత సర్వీసుకు పెన్షన్ గానీ గ్రాట్యుటీ గానీ మామూలుగా రాదు, మాజీ సైనికుడన్న హోదాకూ ఎసరు వస్తుంది. మీ విషయంలో అది లేదు. సర్వీసులో చేసిన తప్పుకైతే బయటికి వచ్చాక కూడా మూడేళ్ళ దాకా సైన్యం విచారించవచ్చు. మీ గొడవ ఊళ్ళో, రిటైరయ్యాక జరిగింది. దాన్ని చూడాల్సింది మామూలు కోర్టే.

మీరు నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటుంది. దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. అదేమిటంటే ఉద్యోగం. తిరుపతిలో ఆసుపత్రులు, హోటళ్ళు, బ్యాంకులు, కాలేజీలు, ఎక్కడ చూసినా గేటు దగ్గర నిలబడేది మనవాడే. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ పనికి వెళతారు. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ఒక చేత్తో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చంటుంది, ఇంకో చేత్తో కోర్టులో దోషిగా తేలినవాడిని గార్డుగా గానీ సూపర్‌వైజరుగా గానీ పెట్టుకోకూడదంటుంది. నేరం చిన్నదా పెద్దదా అన్న తేడా ఆ వాక్యంలో లేదు. తుపాకీ లైసెన్సు విషయంలోనూ ఇలాంటిదే. హింసతో కూడిన నేరంలో జైలు శిక్ష పడితే, ఆ శిక్షా కాలం ముగిశాక కూడా అయిదేళ్ళు ఆయుధం ఉంచుకోవడం ఆయుధాల చట్టం కింద నిషిద్ధం. బ్యాంకులో గన్‌మన్ ఉద్యోగం అనుకుంటే అదీ పోయినట్టే. శ్రీహరికోట లాంటి చోట కాంట్రాక్టు పనికి వెళ్ళాలన్నా పోలీసు వెరిఫికేషన్ దాటాలి. మీరు గేటు లోపలికి వెళ్ళడం గురించి బెంగపడుతున్నారు, మీకు దెబ్బ తగిలేది గేటు దగ్గర నిలబడే కొలువులో.

ఆ ఫారాల్లో కేసుల గురించి అడిగే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి, ‘లేదు’ అని అసలే రాయకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగా చెప్పింది. నిజం చెప్పినా, అభ్యర్థి పూర్వాపరాలు చూసి తీసుకోవాలా వద్దా అని నిర్ణయించుకునే స్వేచ్ఛ యజమానికి ఉంటుంది. దాచిపెట్టినది బయటపడితే ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చు. ఇప్పుడు ఏం రాయాలన్నదీ స్పష్టంగా ఉండాలి. మీ అప్పీలులో ఆగింది శిక్ష అమలు మాత్రమే. దోషి అన్న తీర్పు ఆగలేదు. ‘స్టే వచ్చింది కాబట్టి కేసు లేనట్టే’ అని మీ వకీలు గుమాస్తా అన్నాడని రాశారు, అది తప్పు. ‘దోషిగా తేలింది, అప్పీలు నడుస్తోంది, శిక్ష నిలిపివేశారు’ అని నంబర్లతో సహా రాయండి.

కాబట్టి మీ అసలు పోరాటం కంటోన్మెంటు గేటు దగ్గర కాదు, చిత్తూరు సెషన్స్ కోర్టులో. అక్కడ మీరు గెలిస్తే సరే. గెలవకపోయినా మధ్యన ఒక దారి ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం. నేరం రుజువైనా, మనిషి స్వభావం, పరిస్థితులు చూసి జైలుకు పంపకుండా మంచి నడవడిక బాండు మీద కోర్టు వదిలిపెట్టవచ్చు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు అది వర్తించదు. 324కు గరిష్ఠంగా మూడేళ్ళే కనుక అడగవచ్చు. కింది కోర్టులో అడగకపోయినా అప్పీలు కోర్టు కూడా ఇవ్వగలదు. ఆ చట్టంలోని 12వ సెక్షన్ మీకు ప్రాణం లాంటిది. సెక్షన్ 4 కింద వదిలిపెట్టినవారికి, దోషిగా తేలడం వల్ల అంటుకునే అనర్హత ఉండదని అది చెబుతుంది. గార్డు ఉద్యోగానికి అడ్డుపడే వాక్యానికి విరుగుడు అక్కడుంది. తీర్పు చెరిగిపోయినట్టు కాదు, అది గుర్తుంచుకోండి. జరిగింది జరిగినట్టే రికార్డులో ఉంటుంది, అడిగితే చెప్పాలి. దాని తోక మాత్రం తెగుతుంది.

గాయం ప్రమాదకర ఆయుధంతో చేసింది కాదని వాదించి 323కు, అంటే మామూలుగా గాయపరచిన కేసుకు దింపగలిగితే రాజీ దారి కూడా తెరుచుకుంటుంది. అప్పీలు దశలోనూ కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు, రాజీ అంటే నిర్దోషిగా విడుదలైన ఫలితమే. మీ దాయాదులు ఆ మాత్రం మెత్తబడతారా లేదా అన్నది మీకే తెలియాలి. పంటల కాలంలో కంటే కాయ కోత అయిపోయాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు పెద్దమనుషులను పంపితే మాట చెల్లుతుందని మా నాన్న అనేవారు. ఆయన చాలా గట్లు చూశారు.

ప్రొబేషన్ అడిగేటప్పుడు కోర్టు ముందు పెట్టాల్సింది మీ డిశ్చార్జి బుక్కు. అందులో నడవడిక గడిలో ‘ఎగ్జెంప్లరీ’ (ఆదర్శప్రాయం) అని ఉందని రాశారు. పదిహేడేళ్ళలో ఒక్క ఎర్ర ఇంకు గీత, అంటే శిక్ష నమోదు, లేదన్నారు. దాన్ని ఇన్నాళ్ళూ పెట్టెలో దాచి, ఆధార్ కార్డు పట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగారు. విచారణలో ఎవరూ చూపలేదని మీ ఉత్తరంలో చదివి నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. మీ వకీలుకు దాని నకలు, మెడల్స్ వివరం, గ్రామ పెద్దలు ఇచ్చే ఒక మాట, భార్య ఆపరేషన్ కాగితాలు ఇవ్వండి. ప్రొబేషన్ అధికారి ఇంటికి విచారణకు వస్తే కుర్చీ వేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తోటలో కొడవలి ఎందుకు చేతిలో ఉందో కూడా చెప్పండి. కొమ్మలు కొట్టడానికే కదా.

రికార్డ్ ఆఫీసుకు ముందే మీ అంతట మీరు ఉత్తరం రాయాలా అని చివరన అడిగారు. నా అభిప్రాయం, అప్పీలు తేలే దాకా ఊరికే రాయనక్కరలేదు. వాళ్ళు అడిగితే మాత్రం దాచకండి. ఈలోపు తీర్పు ధ్రువీకృత నకళ్ళు రెండు, శిక్ష నిలిపిన ఉత్తర్వు నకళ్ళు రెండు తీసి పెట్టుకోండి. ఒక్కటే తీస్తే అది వకీలు దగ్గర ఉండిపోతుంది, అవసరమైన రోజు ఆయన ఊళ్ళో ఉండరు. చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళినప్పుడు మీ గుర్తింపు కార్డు, స్పర్శ్ (ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూపించుకోండి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా గేటు దగ్గర అదే పెద్ద గొడవవుతుంది. వేపచెట్టు కింద కూర్చున్న పెద్దావిడ నాకు ఇప్పటికీ గుర్తు.

సోమవారం పొద్దున్నే ఇంటావిడ కార్డు, పాత ఎక్స్‌రేలు తీసుకుని పాలీక్లినిక్‌కు బయలుదేరండి. అప్పీలు వాయిదా తేదీ, కేసు నంబరు నాకు రాయండి, ప్రొబేషన్ అర్జీకి జత చేయాల్సిన సర్వీసు వివరాల పేజీ నేను తయారుచేసి పంపుతాను. డిశ్చార్జి బుక్కులో మొదటి నాలుగు పుటలు, నడవడిక గడి ఉన్న పుట స్పష్టంగా ఫోటో తీసి పంపితే చాలు.